బండి గట్టిదే, లోపలున్నోళ్ళ సంగతే తేలాలి

మా వైపు కారు కొనేవాడు షోరూములోకి పోగానే చేసే మొదటి పని, వేలు మడిచి తలుపు మీద టకటకా కొట్టడం. ఠంగుమంటే డబ్బా బండి, ధబ్బుమంటే గట్టి బండి. రెండో పని తలుపు తీసి విసురుగా వెయ్యడం. పాత ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడొస్తే మనసు నిండిపోతుంది. ఆ తర్వాతే మైలేజీ, రేటు, ఫైనాన్సు. గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు, ఏ ఊరివాళ్ళైనా ఇదే పద్ధతి. ఈ పరీక్ష కుండ కొనేటప్పుడు బాగా పనికొస్తుంది, పగులుంటే ఇట్టే తెలిసిపోతుంది. కారు గురించి మాత్రం అది చెప్పేది దాదాపు ఏమీ లేదని నా అభిప్రాయం.

ఇప్పుడీ గొడవంతా ఎందుకంటే, మా బావ బండి మారుస్తున్నాడు. వనపర్తిలో ఎరువుల దుకాణం ఆయనది. వారానికి రెండు మూడు సార్లు కర్నూలుకో, గద్వాలకో, గోపాలపేట మీదుగా నాగర్ కర్నూలుకో పోతూనే ఉంటాడు. పండగలకీ పెళ్ళిళ్ళకీ అదే బండిలో మా అక్క, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. ఉన్న చిన్న కారు అమ్మేసి పెద్ద బండి కొంటానని ఫోను చేశాడు.

"చిన్న బండ్ల మీద నమ్మకం పోయిందిరా. లారీ ఇట్ల తగిల్తే అట్ల అప్పడమే. పిల్లలు తిరిగే బండి, గట్టిది ఉండాలె. నువ్వు కంప్యూటర్ల చూసి చెప్పు" అన్నాడు.

(మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, వాషింగ్ మెషీను దగ్గర్నుంచి పెళ్ళి సంబంధం దాకా అన్నీ మనమే కంప్యూటర్లో చూసి చెప్పాలి :) )

చూశాను. చెప్పాల్సింది ఫోనులో చెప్పేంత పొట్టిగా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందుగా బావ మాటలో ఉన్న నిజం ఒప్పుకోవాలి. బరువైన బండికి లాభం ఉంది. రెండు టన్నుల ఎస్.యు.వి., ఒక టన్ను చిన్న కారు ఎదురెదురుగా చెరో 60 కిలోమీటర్ల వేగంతో గుద్దుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయనుకుందాం. పదో తరగతి భౌతికశాస్త్రం లెక్క వేస్తే, ఎస్.యు.వి. వేగం ఒక్కసారిగా 40 మారుతుంది, చిన్న కారు వేగం 80 మారుతుంది. లోపలి మనిషికి తగిలే దెబ్బ చాలావరకు ఈ మార్పు మీదే ఆధారపడి ఉంటుంది. అంటే పెద్ద బండివాడికి తగ్గిన దెబ్బ ఎక్కడికీ పోలేదు, చిన్న బండివాడి ఖాతాలో పడింది. ఆ చిన్న బండి స్థానంలో టీవీఎస్ ఎక్సెల్ మీద పాల క్యాన్లతో పోయే మనిషిని పెట్టుకుని చూస్తే నాకైతే కడుపులో తిప్పుతుంది. సరే, అది వేరే టపా రాయాల్సిన సంగతి.

ఇప్పుడు అదే లెక్క లారీతో వేద్దాం. సరుకుతో కలిపి 28 టన్నుల లారీ, మన రెండు టన్నుల బండి, చెరో 60. లారీ వేగం 8 మారుతుంది. మన బండి వేగం 112 మారుతుంది. అంటే లారీ ముందు స్కార్పియో అయినా ఫార్చ్యూనర్ అయినా, అది కూడా ఒక చిన్న కారే. బావ భయపడేది లారీకి, కొంటున్నది ఆ భయానికి మందు అనుకుని. ఆ రోగానికి ఇది మందు కాదు.

రెండో సంగతి, అసలు 'గట్టి' అంటే ఏంటి?

64 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేన్నో గుద్ది ఆగాలి. ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుంటే, లోపలివాళ్ళ మీద పడే ఒత్తిడి సగటున వాళ్ళ బరువుకి 27 రెట్లు. అదే ముందు భాగం నలగనంత మొండిగా ఉండి 10 సెంటీమీటర్లలోనే ఆగితే, 160 రెట్లు. బండి మీద గీత కూడా పడకపోవచ్చు, లోపల మనిషి మిగలడు. అంటే ముక్కు మెత్తగా ఉండాలి, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా ఉండాలి. ముక్కు నలగడం లోపం కాదు, అది దాని ఉద్యోగం. బేలా బారెన్యీ అనే ఇంజనీరు మెర్సిడెస్ కోసం ఈ ఆలోచనకి పేటెంటు సంపాదించింది 1952లో. డెబ్భై ఏళ్ళు దాటినా మనం ఇంకా రేకు మీద వేలితో కొట్టే దగ్గరే ఉన్నాం.

"పాత బండ్లు ఎంత గట్టిగుండేవో" అనేవాళ్ళ కోసం అమెరికాలో బీమా కంపెనీల పరిశోధనా సంస్థ 2009లో ఒక పని చేసింది. 1959 నాటి షెవ్రోలే బెల్ ఎయిర్‌నీ, 2009 నాటి షెవ్రోలే మాలిబునీ చెరో 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. పాతదాంట్లో డ్రైవరు గది మొత్తం కూలిపోయింది, అక్కడ మనిషి ఉంటే బతకడు. కొత్తదాంట్లో డ్రైవరుకి కాలికి దెబ్బ తగిలేది, అంతే. ఆ వీడియో చూశాక 'పాత ఇనుము' మీద భక్తి ఉండటం కష్టం.

మన దగ్గరికొద్దాం. 2016 మేలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మహీంద్రా స్కార్పియోని పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని మోడలు. పెద్దవాళ్ళ రక్షణకి వచ్చిన నక్షత్రాలు సున్నా. మా జిల్లాల్లో సర్పంచి నుంచి కాంట్రాక్టరు దాకా 'బండి అంటే అదీ' అనుకున్న బండి! కింద లారీలా నిచ్చెన ఛాసిస్ ఉన్నా సున్నానే. అదే పేరుతో తర్వాత వచ్చిన స్కార్పియో-ఎన్‌కి 2022 డిసెంబరులో అయిదు నక్షత్రాలు వచ్చాయి. దానికీ నిచ్చెన ఛాసిసే. మళ్ళీ 2024 ఏప్రిల్‌లో బొలెరో నియోకి ఒకే ఒక్కటి. దీనికీ అదే రకం ఛాసిస్. మూడింటినీ పక్కపక్కన నిలబెట్టి తలుపు మీద కొట్టి చూడండి, అయిదు ఎవరిదో, ఒకటి ఎవరిదో చెవికి తెలియదు. గది డిజైను, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, ఇవన్నీ కలిసి పని చేయడం, అక్కడుంది తేడా.

2023 అక్టోబరు నుంచి మనకే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. ఆ డిసెంబరులో మొదటి ఫలితాల్లోనే టాటా సఫారీ, హారియర్ పెద్దవాళ్ళకీ పిల్లలకీ కూడా అయిదేసి నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ఇక్కడ ఒక చిన్న కిటుకు. పెద్దవాళ్ళ రక్షణకి ఒక మార్కు, పిల్లల రక్షణకి వేరే మార్కు ఉంటాయి. పైన చెప్పిన స్కార్పియో-ఎన్‌కి పెద్దవాళ్ళ విషయంలో అయిదు, పిల్లల విషయంలో మూడు. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనబడేది మొదటిదే. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు రెండోది కూడా అడగాలి.

అయితే అయిదు నక్షత్రాలు చూసి పండగ చేసుకోకూడదు. మా భాషలో చెప్పాలంటే అది టెస్ట్ కేసు పాసవడం మాత్రమే. టెస్టులో వేగం గంటకి 64. నాలుగు వరసల జాతీయ రహదారి మీద కార్లకి 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది గానీ, శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 64తో గుద్దితే అయిదో అంతస్తు మీద నుంచి పడినట్టు, 100తో గుద్దితే పదమూడో అంతస్తు మీద నుంచి పడినట్టు. మెత్తటి ముక్కుకి అదే 60 సెంటీమీటర్లు, మింగాల్సిన శక్తి రెండున్నర రెట్లు. 2017 మేలో హైదరాబాదులో అప్పటి మంత్రి నారాయణ గారి అబ్బాయి పోయింది జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభాన్ని గుద్ది. మెర్సిడెస్ జి63, కోట్ల బండి, సైన్యాలు వాడే బండికి అన్నదమ్ముడు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి కూడా. ఆ వేగానికి అవి చాలలేదు.

ఇంక ప్రొడక్షన్ అంటే మా దారి. కొత్తకోట, పాలెం, పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి చౌరస్తా, ఉండవెల్లి, అలంపూర్ చౌరస్తా. ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పుడు 44. టెస్టులో గుద్దించే దిమ్మెకి కారు ముక్కు ఎదురుగా ఉండే ఎత్తు, ముందువైపు తేనెపట్టులా నలిగే గుణం ఉంటాయి. మా దారిలో రాత్రి పన్నెండింటికి పక్కన ఆపి పడుకున్న లారీకి ఆ మర్యాదలేవీ లేవు. దాని తొట్టి అంచు మన ముక్కు పైనుంచి నేరుగా అద్దం మీదకి వస్తుంది. లారీ వెనక కింద కట్టాల్సిన అడ్డు కడ్డీ సరిగ్గా లేకపోతే, నలగాల్సిన భాగం లారీ కిందకి దూరిపోతుంది, నలగకూడని భాగం నలుగుతుంది. ఎస్.యు.వి. ఎత్తు కాబట్టి కొంచెం నయం, అంతకుమించి ధీమా వద్దు. వెనక రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు ట్రాలీ సంగతీ అంతే. 2014 డిసెంబరులో మునగాల దగ్గర నందమూరి జానకిరామ్ నడుపుతున్నది టాటా సఫారీ. ఎదురుపడింది ట్రాక్టరు.

ఇంకోటి కూడా ఉంది, ఇది పూర్తిగా మనదే. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళొచ్చాక వరి పెరిగింది, సంతోషం. కల్లాలు పెరగలేదు. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, చుట్టూ రాళ్ళు, రాత్రికి పైన నల్ల పరదా. నల్ల రోడ్డు మీద నల్ల పరదా! రైతుని తిట్టి లాభం లేదు, ఆరబోసుకునే చోటు లేదు ఆయనకి. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్ళగడ్డ దగ్గర భూమా శోభా నాగిరెడ్డి గారి బండి తప్పించబోయింది ఇలాంటి వడ్ల కుప్పనే. బండి పల్టీ కొట్టింది, ఆవిడ బయటికి విసిరేసినట్టు పడ్డారు, మర్నాడు హైదరాబాదు ఆసుపత్రిలో చనిపోయారు. ఎత్తు బండికి ఇదొక బలహీనత. బరువు పైకి ఉంటుంది, ఒక్కసారిగా స్టీరింగు తిప్పితే పల్టీకి తొందరపడుతుంది. ఈ.ఎస్.సి. అనే స్థిరత్వ నియంత్రణ ఉంటే అది చాలావరకు ఆపుతుంది. బండి కొనేటప్పుడు సన్‌రూఫ్ కంటే ముందు అడగాల్సింది దాని గురించి.

శోభ గారు బెల్టు పెట్టుకోలేదు. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ గారు నడుపుతున్నది టొయోటా ఫార్చ్యూనర్. డివైడరుకి కొట్టుకుని పల్టీలు కొట్టింది. ఆయనా బెల్టు పెట్టుకోలేదు, బయటికి పడిపోయారు. బండిలోనే ఉన్న మిగతా ఇద్దరూ గాయాలతో బతికారు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ వెళ్తున్నది మెర్సిడెస్ జి.ఎల్.సి. ముందు సీట్లలో ఇద్దరూ బతికారు. వెనక సీట్లలో బెల్టు లేని ఇద్దరూ పోయారు. ఒకే బండి, ఒకే గుద్దుడు, ఒకే ఇనుము. బతికినవాళ్ళ గట్టిదనం, పోయినవాళ్ళ గట్టిదనం అంటూ వేరే లేవు.

నేను బావకి చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. బండి ఎంత గట్టిదైనా, అది ఇచ్చేది 60 సెంటీమీటర్ల చోటు, సెకనులో పదో వంతు కూడా లేని సమయం. ఆ చోటు, ఆ సమయం బండికి కట్టి ఉన్నవాడికే దక్కుతాయి. కట్టిలేనివాడికి బండి ఆగిపోయినా వాడు మాత్రం అదే 64తో పోతూనే ఉంటాడు, ముందు సీటో, అద్దమో, అమ్మ వీపో తగిలేదాకా. అయిదు నక్షత్రాలకి డబ్బు కట్టి బెల్టు పెట్టుకోకపోవడమంటే, బీరువా కొని నగలు దాని పైన పెట్టినట్టు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో బెల్టు పెట్టుకోక పోయినవాళ్ళు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. చూశారా, దాదాపు సగం సగం. వెనక కూర్చున్నవాళ్ళకీ బెల్టు తప్పనిసరే, లేకపోతే 1000 రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది. మా దారిలో వెనక బెల్టు పెట్టుకుంటే మాత్రం "ఏం, డ్రైవింగు మీద నమ్మకం లేదా?" అని అడుగుతారు.

ఇక ఒడిలో పిల్ల. మా మేనకోడలు పది కిలోలు. ఎప్పుడూ ముందు సీట్లో అక్క ఒడిలోనే. "నేను గట్టిగ పట్టుకుంట కదా" అంటుంది అక్క. బావకి అర్థమయ్యే లెక్కలో చెప్తాను. పది కిలోలకి 27 రెట్లు, 270 కిలోలు. యూరియా బస్తా 45 కిలోలు. అంటే ఆరు బస్తాలు ఒక్కసారిగా చేతుల్లోంచి ముందుకి దూకుతాయి. దుకాణంలో హమాలీ ఒక బస్తా ఎత్తడానికే నడుం బిగిస్తాడు. ఇది అక్క ప్రేమ చాలక కాదు, చేతులు చాలక. పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటుంది, అది తెరుచుకునేది కన్ను ఆర్పేలోపు. దానికీ అమ్మకీ మధ్య పిల్ల.

మేనల్లుడి చోటు డిక్కీ. వెనక ఎదురెదురుగా వేసే బల్ల సీట్లంటే వాడికి ప్రాణం. ఆ సీట్లలో ఎంతమంది పడితే అంతమంది పిల్లల్ని ఎక్కించడం మన ఆచారం. నక్షత్రాల పరీక్షలో అలా పక్కకి తిరిగి కూర్చున్న బొమ్మ ఒక్కటీ ఉండదు. వాడికి ఆ అయిదు నక్షత్రాలు వర్తించవు.

ఇంకో తమాషా. బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్ కుయ్ మంటుంది కదా, దాన్ని నోరుమూయించడానికి ఒక క్లిప్పు అమ్మేవాళ్ళు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు ఆన్‌లైన్ అంగళ్ళ నుంచి వాటిని తీయించింది. వార్నింగు వస్తే బగ్గు సరిచేయకుండా వార్నింగుని ఆపేసేవాళ్ళని మా ఆఫీసులో కూడా చూశాను. అక్కడ సర్వరు పడిపోతుంది, అంతే. అలాగే ముందు ఇనప గొట్టాల గార్డు. దీన్ని కేంద్రం 2017 డిసెంబరులో వద్దంది. ముక్కు మెత్తగా నలిగేలా అంత కష్టపడి చేస్తే, దాని ముందు మనం గొట్టం బిగిస్తాం, ఎయిర్‌బ్యాగు సెన్సరు లెక్క తప్పేలా.

పెద్ద బండి ధీమా గురించి ఆ దారిలోనే ఒక గుర్తు ఉంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలెం దగ్గర బెంగుళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు కల్వర్టుని కొట్టుకుని తగలబడింది. 45 మంది. ఈ రోజు ప్రపంచమంతా వాడే మూడు చోట్ల బిగించే బెల్టు 1959లో మొదట బిగించింది వోల్వో కార్లలోనే, పెట్టింది నీల్స్ బోలిన్ అనే వాళ్ళ ఇంజనీరు. పేరు ఎంత గొప్పదైనా, బండి ఎంత పెద్దదైనా, వేగం, రోడ్డు పక్క కల్వర్టు, డీజిలు ట్యాంకు కలిసిన చోట చేసేదేమీ లేకపోయింది.

సరే, బావకి పంపిన చిట్టా ఇది:

1. నక్షత్రాలు చూడు, పెద్దలవీ పిల్లలవీ రెండూ. కొనే మోడలుకే వచ్చాయో లేదో చూడు.

2. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈ.ఎస్.సి., ప్రతి సీటుకీ మూడు చోట్ల బిగించే బెల్టు. ఇవి లేని పై మోడలు కంటే, ఇవి ఉన్న కింది మోడలు నయం.

3. పక్కకి తిరిగిన బల్ల సీట్లున్న బండి వద్దు.

4. సీటు కవర్లు వేయించొద్దు. వెనక బెల్టు బకిల్సు వాటి కింద సమాధి అవుతాయి, సీట్లోంచి తెరుచుకునే పక్క ఎయిర్‌బ్యాగుకి కూడా అడ్డం.

5. పాపకి చైల్డ్ సీటు. ఖర్చు మేనమామది, అంటే నాది.

6. రాత్రి పదకొండు తర్వాత ఆ రోడ్డెక్కొద్దు. వడ్లున్న రోజుల్లో 60 దాటొద్దు. ఇది ఏ కంపెనీ అమ్మదు, డబ్బు కూడా అడగదు.

మర్నాడు ఫోను చేశాడు. మొదటి అయిదూ ఓకే అన్నాడు. ఆరోది "సూద్దాం" అన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "అన్నీ సరేరా, అమ్మ బెల్టు పెట్టుకోదు. ఉక్కపోస్తదంటది, చీర నలుగుతదంటది. గద్వాల చీర కట్టినప్పుడైతే అసలే ముట్టుకోనియ్యదు. ఆ సంగతి నువ్వే సూస్కో" అన్నాడు.

అత్తమ్మకి 27 రెట్ల లెక్కలు చెప్తే వినేది కాదు. చీర ఇస్త్రీకి అయ్యే ఖర్చు కూడా నేనే పెట్టుకుంటానని చెప్పి చూస్తాను. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని ఎలా ఒప్పించారో తెలిస్తే చెబుదురూ.

తా.క.: ఈ వారం మీ కారు వెనక సీట్లో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. మూడు బకిల్సూ పైకి కనబడుతున్నాయా, లేక తవ్వకాలు జరపాలా?